మాన్షన్ తీసుకున్నాడట, కొన్నాడా, అద్దెకా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తణుకు దగ్గర ఒక ఊరు. మా పెద్దబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద జపాన్ వెళ్లి నాలుగు నెలలైంది. మొదట్లో కంపెనీ వాళ్లిచ్చిన గదిలో ఉన్నాడు. పోయిన నెల ఫోన్ చేసి, "అమ్మా, యొకొహామాలో మాన్షన్ తీసుకున్నాను, స్టేషన్‌కి ఏడు నిమిషాల నడక" అన్నాడు. సంబరం పట్టలేక ఆ మాట మధ్యవర్తితో అనేశాను. ఆయన వెంటనే పెళ్లివారి చెవిన వేశాడు. మొన్న వాళ్లు మా ఇంటికి వచ్చినప్పుడు వీడియో కాల్ చేస్తే, వాడు ఫోన్ ఇటు తిప్పి అటు తిప్పేలోగా ఇల్లు అయిపోయింది. ఒక గది, గుమ్మం పక్కనే పొయ్యి, బీరువా అంత స్నానాల గది. పెళ్లికూతురి బాబాయి "ఇదేనా మాన్షన్?" అని నవ్వాడు. మా మరిది ఒకప్పుడు మద్రాసులో చదువుకున్నాడు. ఆయనేమో "మాన్షన్ అంటే పెళ్లికాని కుర్రాళ్లుండే లాడ్జీయే వదినా, వీడు ఉన్నమాటే చెప్పాడు" అంటాడు. మా అమ్మాయి డిక్షనరీ చూసి "చాలా పెద్ద, ఖరీదైన భవనం" అని చదివి వినిపించింది. వాడు అబద్ధమాడాడా? మాన్షన్‌కి అసలు అర్థమేమిటి? పెళ్లివారికి ఇప్పుడేం చెప్పమంటారు?
- పేరు వేయొద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీ అబ్బాయి అబద్ధమాడలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు, కాకపోతే జపాన్ వాళ్ల మాటలో చెప్పాడు. మీ అమ్మాయి దాన్ని ఇంగ్లీషు మాటగా చూసింది. మీ మరిదిగారు మద్రాసు మాటగా విన్నారు. మాట ఒక్కటే, ఎవరి కళ్ల ముందు వాళ్ల ఇల్లు నిలబడింది.

నాలుగు నెలలుగా అక్కడ ఉంటున్నవాడి నోట్లో ఆ మాట నానిపోవడంలో వింత లేదు. ఇళ్ల బ్రోకరు అద్దాల మీద అంటించే కాగితాల్లో మాన్షన్, ఆఫీసులో పక్క సీటాయన నోట మాన్షన్, ఎక్కడ చూసినా మాన్షనే. వాళ్లు "మన్‌షొన్" అని పలుకుతారు. కాంక్రీటుతో కట్టిన, మామూలుగా మూడంతస్తులో అంతకంటే ఎక్కువో ఉన్న భవనాన్ని, అందులోని ఒక్కో వాటానీ అలా పిలుస్తారు. అంతకు మించి ఆ మాటలో తోటా లేదు, దర్బారు హాలూ లేదు.

అలాంటప్పుడు శుభ్రంగా "అపార్ట్‌మెంట్" అని ఏడవొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. అపార్ట్‌మెంట్ అన్న మాటనూ వాళ్లు తెచ్చుకున్నారు, తోక కత్తిరించి "అపాతో" చేసుకున్నారు. అపాతో అంటే ఎక్కువగా చెక్కతోనో, తేలికపాటి ఇనుప చట్రంతోనో కట్టిన రెండంతస్తుల ఇల్లు. పై వాటాలో ఎవరైనా నడిస్తే కింది వాటాలో లెక్కపెట్టుకోవచ్చు. అద్దె తక్కువ, చప్పుడు ఎక్కువ. కాబట్టి జపాన్‌లో ఉన్నవాడు "అపాతో కాదు, మాన్షన్" అన్నాడంటే గోడలు గట్టివి అని చెబుతున్నాడన్నమాట. మీ వాడు మీతో గొప్పలు పోలేదు, కాస్త నయమైన చోటే దొరికిందమ్మా, బెంగపడకు అన్నాడు.

ఇంత పెద్ద మాట అంత చిన్న ఇంటికి ఎలా అతుక్కుందో చెబితే మీకు నవ్వొస్తుంది. యుద్ధంలో ఊళ్లకు ఊళ్లు కాలిపోయాక జపాన్‌లో ఇళ్ల కరువు వచ్చింది. 1955లో ప్రభుత్వం ఒక గృహ నిర్మాణ సంస్థ పెట్టి, నగరాల శివార్లలో ఒకే అచ్చులో పోసినట్టు వరసగా కాంక్రీటు భవనాలు లేపింది. వాటిని "దంచి" అంటారు. 1962లో ఇంకో చట్టం వచ్చింది. ఒకే భవనంలో ఒక్కో ఫ్లాటు ఒక్కొక్కరి సొంతమయ్యేలా, మెట్లూ పునాదీ అందరి ఉమ్మడి ఆస్తి అయ్యేలా అది దారి చేసింది. పైగా 1964 ఒలింపిక్స్ టోక్యోలో. ఊరంతా తవ్వకాలూ కట్టడాలూ. డబ్బున్నవాళ్లకు ఫ్లాట్లు అమ్ముకుందామని ప్రైవేటు బిల్డర్లు దిగారు. కానీ ఏ పేరుతో అమ్మాలి? దంచి అంటే సర్కారు ఇల్లు. అపాతో అంటే అద్దె కొంప. రెండిటికీ అందనంత ఎత్తులో వినిపించే మాట కావాలి. ఇంగ్లీషులోంచి మాన్షన్ పట్టుకొచ్చారు.

మొదట్లో ఆ పేరుకు తగ్గ దర్జా ఉండేది. టోక్యోలో హరజుకు స్టేషన్ దగ్గర 1965లో కట్టిన కోప్ ఒలింపియా ఇప్పటికీ ఆ కాలపు గొప్పకు గుర్తుగా చెప్పుకునే భవనం. తర్వాత బ్యాంకు లోన్లు వచ్చాయి, మధ్యతరగతి వాళ్లూ కొనడం మొదలుపెట్టారు, బిల్డర్లు గదులు తగ్గించుకుంటూ పోయారు. ఇల్లు చిన్నదైంది గానీ పేరు మాత్రం పెద్దదే ఉండిపోయింది. చివరికి "వన్ రూమ్ మాన్షన్" అనే మాట పుట్టింది. ఇంగ్లీషు వాడి చెవికి అది ఒంటిగది మహలు. జపాన్ వాడికి అందులో నవ్వుకోవాల్సింది ఏమీ లేదు, పెళ్లికానివాడు ఉండే మామూలు ఇల్లు.

ఆ మాటతో వాళ్లే ఒక పరాచికం కూడా ఆడుకున్నారు. జపాన్ భాషలో "మన్" అంటే పదివేలు, "ఒకు" అంటే పది కోట్లు. మన్‌షొన్‌లో మన్ ఉంది కదా, మరీ ఖరీదైన ఫ్లాటును పదివేలతో సరిపెడితే ఎలా అని, పది కోట్ల యెన్‌లు దాటిన వాటికి "ఒకుషొన్" అని పేరు పెట్టారు. అరువు తెచ్చుకున్న మాటను ఇలా విరిచి మళ్లీ అతికారంటే ఇక అది వాళ్లదే. దాన్ని ఇంగ్లీషు డిక్షనరీలో వెతకడం, పెళ్లయి పాతికేళ్లయిన కూతురు ఇంటి వంటను పుట్టింటి రుచితో కొలవడం లాంటిదే. నిజంగా మన ఉద్దేశంలో మహలు లాంటి ఇల్లు గురించి చెప్పాలంటే వాళ్లకు "గోతెయ్" అని వేరే మాట ఉంది.

చట్టం కూడా ఇల్లు ఎంత పెద్దదని అడగదు. మాన్షన్ల నిర్వహణ సరిగా జరగాలని 2000లో ఒక చట్టం చేశారు. ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది యజమానులుండి, జనం కాపురముండే వాటాలున్న భవనం మాన్షన్ అని అందులో రాసుకున్నారు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గొడవలు మీకు తెలిసినవే. లిఫ్టు ఎవరు బాగు చేయించాలి, ట్యాంకు ఎవరు కడిగించాలి. అక్కడా అవే.

ఇక మీ వాడి వాక్యంలో అసలు చిక్కు ఇంగ్లీషు మాటలో కంటే తెలుగు మాటలో ఉంది. "తీసుకున్నాను" అన్నాడు చూశారూ, అది. కాలేజీ కుర్రాడు "రూమ్ తీసుకున్నాం" అంటే అద్దెకు. మీ తోడికోడలు "హైదరాబాద్‌లో ఫ్లాట్ తీసుకున్నాం" అంటే కొన్నారు. ఒకే క్రియ, లక్షల తేడా. మాన్షన్ అని వినగానే మీ మనసు కొనుగోలు వైపు వెళ్లిపోయి ఉంటుంది. మధ్యవర్తి చేతికి చేరాక అది రిజిస్ట్రేషన్ కూడా అయిపోయి ఉంటుంది. జపాన్ వాళ్లు ఈ విషయంలో జాగ్రత్తపరులు, అమ్మకానికి కట్టింది "బుంజో మాన్షన్", అద్దెకిచ్చేది "చింతాయ్ మాన్షన్". ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైనవాడిది దాదాపు ఖాయంగా రెండోదే.

ఏడు నిమిషాల నడక అన్నాడే, అది మాత్రం గట్టి లెక్క. అక్కడ ఇళ్ల ప్రకటనల్లో ఒక నిమిషం అంటే 80 మీటర్లని నియమం. ఏడు నిమిషాలంటే 560 మీటర్ల లోపు. మనవాళ్ల "హైవేకి రెండే నిమిషాలండీ" లాంటి నిమిషాలు కావవి. గది కొలతలూ అంతే, చాపల్లో చెబుతారు. తతమి అని గడ్డితో అల్లిన మందమైన చాప, ఒక్కో చాపకు కనీసం 1.62 చదరపు మీటర్లు లెక్క కట్టాలి. ఎనిమిది చాపల గది అంటే సుమారు 13 చదరపు మీటర్లు, మన లెక్కలో 140 చదరపు అడుగులు. వంటకీ స్నానానికీ కలిపి మొత్తం వాటా 25 చదరపు మీటర్లయితే 30 గజాలు. మీ ఊళ్లో గొడ్ల చావిడి ఇంతకంటే పెద్దది అని మీరనుకుంటారని నాకు తెలుసు. టోక్యో పరిసరాల్లో ఒంటరిగా ఉండేవాడికి అది చాలా మామూలు.

మీ మరిదిగారి మాటకొద్దాం. ఆయనా తప్పు చెప్పలేదు. ఆయన మాన్షన్ నాకూ తెలుసు, నేనూ అందులో పొర్లినవాణ్ణే. 1986లో ఒక కోర్సు కోసం మద్రాసు వెళ్లి ట్రిప్లికేన్‌లో దిగాను. పార్థసారథి గుడి ఒక పక్క, మెరీనా బీచి ఒక పక్క, నడుమ సందుల నిండా మాన్షన్లు. పెళ్లికాని మగవాళ్లకు ఇల్లు అద్దెకివ్వడానికి అక్కడ ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. అందుకని నాలుగంతస్తులు లేపి, వరండాకి అటూ ఇటూ గదులు పెట్టి, మంచాల లెక్కన నెల అద్దెకు ఇచ్చేవాళ్లు. దాని పేరే మాన్షన్. మా గదిలో మూడు మంచాలు, గోడకి తొమ్మిది మేకులు, మనిషికి మూడేసి. వరండా చివర నాలుగు స్నానాల గదులు అంతస్తు మొత్తానికి. తెల్లవారి అయిదున్నరకే బకెట్లు క్యూలో నిలబడేవి, మనుషులు మాత్రం పడుకునే ఉండేవారు. బకెట్ వరస తప్పించినవాడితో వారం రోజులు మాటల్లేవు. ఆ సెప్టెంబరులో చేపాక్‌లో భారత్, ఆస్ట్రేలియాల టెస్టు టై అయింది. ఆ చివరి గంట రేడియో దగ్గర మేమూ, రోడ్డుకవతల స్టేడియంలో జనమూ, అరుపు రెండు వైపుల నుంచీ వినిపించేది.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మా నాన్నగారికి రాసిన మొదటి ఉత్తరంలో చిరునామా "ఫలానా మాన్షన్, గది నంబరు 23" అని రాశాను. ఆయన ఆ కార్డు జేబులో పెట్టుకుని ఊరంతా చూపించారు. మావాడు మద్రాసులో మాన్షన్‌లో ఉంటున్నాడని రచ్చబండ దగ్గర చెప్పుకున్నారు. మూడు నెలల తర్వాత బియ్యం మూటతో దిగి, గది చూసి, మంచం మీద కూర్చుని, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ మాన్షన్‌లో మంచినీళ్లు ఎక్కడ్రా?" అన్నారు. కింద వీధి పంపు చూపించాను. అందుకని మీ బాధ నాకు బాగా తెలుసు. మీ అబ్బాయి బాధ ఇంకా బాగా తెలుసు.

డిక్షనరీ చెప్పిన అర్థం సంగతి చూద్దాం. ఇప్పటి ఇంగ్లీషులో మాన్షన్ అంటే పెద్ద ఖరీదైన ఇల్లే, మీ అమ్మాయి చదివింది సరే. లండన్ లార్డ్ మేయరు అధికారిక నివాసం పేరే మాన్షన్ హౌస్, 1739లో మొదలుపెట్టి 1752 నాటికి పూర్తిచేశారు. కానీ ఫ్లాట్లకు ఆ పేరు తగిలించే విద్య జపాన్ బిల్డర్లు సొంతంగా కనిపెట్టింది కాదు. లండన్‌లోనే, రాయల్ ఆల్బర్ట్ హాల్ పక్కన, 1880 ప్రాంతంలో ఆల్బర్ట్ హాల్ మాన్షన్స్ కట్టారు. ఎర్ర ఇటుకల ఎత్తయిన ఫ్లాట్ల భవనం. ఫ్లాటులో ఉండటం అప్పట్లో పెద్ద కుటుంబాల వాళ్లకు నామోషీ, అందుకని గంభీరమైన పేరు పెట్టి ఆ నామోషీ పోగొట్టారు. అలాంటి భవనాలను ఇప్పటికీ అక్కడ మాన్షన్ బ్లాక్ అనే అంటారు. ఆ అలవాటే కలకత్తా వచ్చింది. పార్క్ స్ట్రీట్ మీద క్వీన్స్ మాన్షన్, కర్నానీ మాన్షన్ ఇప్పటికీ ఉన్నాయి. హాంకాంగ్‌లో 1961లో కట్టిన చుంగ్‌కింగ్ మాన్షన్స్ అయితే 17 అంతస్తుల పుట్ట. కింద డబ్బు మార్చే దుకాణాలు, సమోసాలు, పైన మంచం పట్టేంత గదుల గెస్ట్‌హౌస్‌లు. చవగ్గా ఉండాలనుకునే మనవాళ్లెందరో అందులో రాత్రులు గడిపారు. మీ మరిదిగారు అక్కడ దిగితే ట్రిప్లికేన్ వచ్చాననుకుంటారు.

అమెరికాలో ఇంకో తమాషా. న్యూయార్క్ రాష్ట్రంలో పది లక్షల డాలర్లు, ఆపైన ధర పలికే ఇల్లు కొనేవాళ్లు 1989 నుంచి నూటికి కనీసం ఒక డాలరు అదనంగా పన్ను కడుతున్నారు. దానికి జనం పెట్టుకున్న పేరు మాన్షన్ టాక్స్. ఇప్పుడు మాన్‌హటన్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటుకే ఆ ధర దాటిపోతుంది. కాబట్టి అక్కడి మన పిల్లలు మాన్షన్ లేకుండానే మాన్షన్ పన్ను కడుతున్నారు.

మన తెలుగునాట మాన్షన్ అనగానే చాలామంది మగవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఇల్లు కాదని మీకు తెలియకపోవచ్చు. మాన్షన్ హౌస్ అని ఒక బ్రాందీ ఉంది, రెండు రాష్ట్రాల్లోనూ దానికి మంచి గిరాకీ. పెళ్లికూతురి బాబాయి ఏ మాన్షన్ గుర్తొచ్చి నవ్వాడో నేను మాత్రం పూచీ పడను.

అసలు అర్థమేమిటి అని అడిగారు. ఒక మాటకు ఇదీ అసలు అర్థం, తక్కినవి నకిలీ అని నేననను. పుట్టుక చెప్పమంటే చెబుతాను. లాటిన్‌లో "మనేరె" అంటే ఉండటం, ఆగిపోవడం. దాన్నుంచి "మన్సియో", అంటే ఆగే చోటు. రోమ్ సామ్రాజ్యంలో పెద్ద రోడ్ల మీద అధికారులు ఒక పగటి ప్రయాణం తర్వాత రాత్రికి దిగి, గుర్రాలకు మేతవేసి, పడుకుని తెల్లారి లేచి వెళ్లే విడిదిని మన్సియో అనేవాళ్లు. ఫ్రెంచి వాళ్లు ఇంటిని "మెజోఁ" అంటారు, అదీ ఈ తల్లి బిడ్డే. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఒకటుంది: మజిలీ. చెవికి కూడా దగ్గరగా లేదూ? అయినా చుట్టరికం లేదు. మజిలీ మనకు అరబ్బీ "మంజిల్" నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, దిగే చోటు అని అర్థం. హైదరాబాద్ పాతబస్తీలో ఇళ్ల గేట్ల మీద ఫలానా మంజిల్ అని చెక్కి ఉంటుంది చూడండి, అదే మాట. రోమ్ వాళ్లూ అరబ్బులూ ఎవరికి వాళ్లే ఆగే చోటును ఇల్లు చేసేశారు.

ఇంకో మాట చెబితే ఆశ్చర్యపోతారు. మీరు పెళ్లివారికి ఇచ్చిన జాతకంలోనూ ఒక మాన్షన్ ఉంది. మన 27 నక్షత్రాలను ఇంగ్లీషులో "లూనార్ మాన్షన్స్" అంటారు. చంద్రుడు రోజుకొక దగ్గర దిగుతాడు కదా, ఆ మజిలీలు. అరబ్బులు వాటిని 28గా లెక్కపెట్టి చంద్రుడి మంజిళ్లు అన్నారు. చైనా వాళ్లవీ 28, వాళ్లు వాడే అక్షరానికి బస చేసే చోటు అనే అర్థం ఉంది. మీ అబ్బాయి జన్మనక్షత్రం ఏదైనా, అది చంద్రుడు ఒక్క పూట దిగిన గది. ఆ లెక్కన చూస్తే లండన్ లార్డ్ మేయరు భవనం కంటే మీ వాడి ఒంటిగదే ఆ మాట పుట్టుకకు దగ్గర.

మాటలు ఇలా ఊరు మారగానే రూపం మార్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. మనం "హోటల్‌కి వెళ్లి రెండిడ్లీ తిన్నాను" అంటాం. ఇంగ్లండు నుంచి వచ్చినవాడు ఇడ్లీ కోసం గది అద్దెకు తీసుకున్నామా అని బిత్తరపోతాడు. బంగళా సంగతి ఇంకా చిత్రం. బెంగాల్ పద్ధతిలో కట్టిన పాక అని ఆ పేరు, తెల్లవాళ్లు అందులో ఉండటం మొదలుపెట్టి ఇంగ్లండు తీసుకుపోయారు. అక్కడది మేడ లేని ఇల్లు, మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు ఏరి కొనుక్కునేది. మనకేమో బంగళా అంటే కలెక్టరు గారిదో జమీందారుదో. సింగపూర్‌లో మరీ పెద్దింటివాళ్లది. కొరియాలో అయితే విల్లా అంటే నాలుగంతస్తులకు మించని చిన్న ఫ్లాట్ల భవనం, అపార్ట్‌మెంట్ కొనలేనివాళ్లు సర్దుకునేది. రేపు మీ అబ్బాయి బదిలీ మీద సియోల్ వెళ్లి "విల్లాలో దిగానమ్మా" అంటే దయచేసి మధ్యవర్తికి ఫోన్ చెయ్యకండి.

ఇక చేయాల్సిన పని. ఈ రాత్రికే అబ్బాయికి ఫోన్ చేయండి, నిలదీయడానికి కాదు, నాలుగు సంగతులు తెలుసుకోవడానికి. అద్దె ఇల్లేనా అని, ఎన్ని చదరపు మీటర్లని, నెలకు ఎంతని అడగండి. ఇంటి నమూనా ఏమిటనీ అడగండి. "1కే" అంటే ఒక గది, విడిగా చిన్న వంటిల్లు. "1ఎల్‌డీకే" అంటే ఒక పడగ్గది, కూర్చుని తినడానికీ వంటకీ కలిసిన హాలు. వాడు చెప్పే అంకె ఒక్కటే మీకు ఇల్లంతా చూపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. అద్దె ఒప్పందంలో ఎంతమంది ఉండొచ్చని రాసుందో కనుక్కోండి. అక్కడ ఒంటిగది ఇళ్లను చాలాచోట్ల ఒక్కరు ఉండటానికే అద్దెకిస్తారు, పెళ్లయి భార్యను తీసుకొస్తే వేరే ఇల్లు చూసుకోవాలి. ఇల్లు మారడం ఊరికే అయ్యేది కాదు. "షికికిన్" అని అడ్వాన్సు, ఇది బాకీలు పోను వెనక్కొస్తుంది. కొన్నిచోట్ల "రెయ్‌కిన్" అని ఇంటి యజమానికి కృతజ్ఞతగా ఇచ్చే సొమ్ము, ఇది రాదు. బ్రోకరు ఫీజు దాని మీద. పెళ్లికూతురి తండ్రికి తెలియాల్సినవి ఈ సంగతులు. ఆ పిల్ల రేపు వెళ్లి ఉండబోయేది ఏ మాటలో కాదు, ఏదో ఒక ఇంట్లో. మీ వాడు పెళ్లి తర్వాత రెండు గదుల ఇల్లు చూసుకుంటానంటే, ఎప్పుడు, ఏ అద్దెలో అన్నది వాడి నోటితోనే వాళ్లకు చెప్పించండి.

మధ్యవర్తి ద్వారా ఇంకేమీ పంపకండి. పెళ్లికూతురి తల్లికి మీరే నేరుగా ఫోన్ చేయండి. నేనైతే ఇలా అంటాను: "వదినగారూ, మావాడు మాన్షన్ అంటే నేనూ పెద్ద ఇల్లే అనుకున్నాను. అక్కడ కాంక్రీటు భవనంలో ఏ వాటాకైనా అదే పేరట. ప్రస్తుతం ఒక గది, వంటిల్లు, అద్దెకు. ఒక్కడికి సరిపోతుంది. పెళ్లయ్యాక పెద్దది చూస్తాడు, అద్దె ఎంతవుతుందో వాడే మీతో మాట్లాడతాడు." చాలు. లాటిన్, రోమ్, చంద్రుడు ఏవీ వద్దు, అవి నాకూ మీకూ మధ్య. బాబాయిగారు మళ్లీ నవ్వితే మీరూ నవ్వేయండి.

ఇంకొక్క మాట. ఆ సంబరంలో మీరు వాడికి సామాను కట్టి పంపే పనిలో ఉండి ఉంటారు. అంత చిన్న వంటింట్లో తరచుగా ఒకే పొయ్యి ఉంటుంది, చాలాచోట్ల కరెంటు ఇండక్షన్‌దే. అయిదు లీటర్ల అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. అడుగున ఇండక్షన్ పని చేస్తుందని రాసున్న చిన్న కుక్కరు చూసి కొనండి. ఆవకాయ జాడీ మాత్రం ఎంత చిన్న మాన్షన్‌లోనైనా పడుతుంది, మూత గట్టిగా బిగించి పంపండి.